శుభం కార్డు పడని సినిమాలు

ఈమధ్య కాలంలో నేను ఊపిరి బిగబట్టి చూసిన సినిమా ఏదని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి కొంచెం మొహమాటమే. దానికి దర్శకుడు లేడు. కథానాయకుడికి అరవై రెండేళ్ళు, పైగా స్వయానా మా చిన్నాయన. కథానాయిక ఊసే లేదు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఉన్నదల్లా ఒక లారీ, దాని మీద ఆకాశంలోకి నిక్కిన ఇనప స్తంభం, చెవులు గడియలు పడే మోత, భూమిలోంచి లేచే తెల్లటి దుమ్ము. నిడివి 41 నిమిషాలు. పేరు ‘మా ఏడో బోరు’.

నవ్వుకుంటున్నారా? నవ్వండి, ఫర్వాలేదు. కానీ రాయలసీమలో పుట్టినవాణ్ణి ఎవరినైనా పట్టుకుని అడగండి... బోరు దిగుతున్న చోట ఉండే సస్పెన్సు ఏ హిచ్‌కాక్ సినిమాలోనూ ఉండదని చెప్పకపోతే అప్పుడు నన్ననండి.

సినిమా పత్రికలో ఈ బోరుబావి గొడవేమిటయ్యా అంటే... సంబంధం ఉంది. ఇవాళ మన పల్లెల్లో అసలు సిసలు ఔట్‌డోర్ షూటింగులు జరుగుతున్నది చేలల్లోనే. కెమెరామన్ రైతే, ఆర్టిస్టు రైతే, డబ్బింగూ ఆయనదే. రిలీజు మాత్రం యూట్యూబులో. తిరుపతి, చిత్తూరు చుట్టుపట్ల ఏ పల్లెకి వెళ్ళినా సరే, కల్లం దగ్గరో పశువుల కొట్టం దగ్గరో ఫోను ఎదురుగా పెట్టుకుని తనలో తాను మాట్లాడుకుంటున్న మనిషి ఒకడు కనిపిస్తాడు. ఇరవయ్యేళ్ళ కిందటైతే గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఉండేవాళ్ళు!

మా ఊరు దామలచెరువు అవతల. మామిడికాయల మండీలకి పేరుపడ్డ దామలచెరువే. కథకులు మధురాంతకం రాజారాం గారు నివసించిన ఊరు కూడా. మా చిన్నాయనకి అక్కడ నాలుగెకరాల మిట్ట చేను, రెండెకరాల మామిడి తోట, మూడు ఆవులు, ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు బెంగుళూరులో ఒక చిన్న కంపెనీలో పని చేసేవాడు. 2020 లాక్‌డౌన్‌లో మూటాముల్లె సర్దుకుని ఊరికొచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేదు. కంపెనీ కూడా రమ్మనలేదనుకోండి.

ఖాళీగా కూర్చోలేక మొదలుపెట్టాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పల్లెల్లో డేటాకి కరువు లేదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించేసరికి, అంతవరకూ దాంట్లో చిందులేస్తున్న పల్లెటూరి కుర్రకారంతా ఒక్కసారిగా తెర లేని నటులైపోయారు. మావాడూ అందులో ఒకడు. వెదురు బద్దలతో స్టాండు కట్టి, దానికి ఫోను బిగించి మొట్టమొదటి చిత్రం తీశాడు. మూడు నిమిషాలు. విషయం, ఆవు పాలు పితకడం.

ఆ చిత్రరాజం నేను చూశాను. మావాడు టీవీ యాంకరులాగా చేతులు తిప్పుతూ, "ఇప్పుడు మనం ఆవు నుండి పాలను సేకరించే విధానాన్ని తెలుసుకుందాం" అంటున్నాడు. వెనకాల చెంబు పట్టుకుని కూర్చున్న మా పిన్నమ్మ పకపకా నవ్వింది. "ఎవుర్రా నీకా మాటలు నేర్పింది? పాలు పిండతా ఉండామని చెప్పు, సాలు!" అంది. ఆ మాట కూడా రికార్డయిపోయింది. కత్తిరించడం చేతకాక అలాగే వదిలేశాడు. జనానికి నచ్చింది అదే! చూసినవాళ్ళంతా "మీ అమ్మను మాట్లాడమను" అని అడగడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ మావాడు కూడా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు.

చిన్న విషయమనుకోకండి. మా చిత్తూరు మాటని సినిమావాళ్ళు చాలాకాలం హాస్యగాడి పక్కన నించోబెట్టారు. హీరోకి మాత్రం వేరే భాష. 2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చాక గదా అల్లు అర్జున్ నోట ఆ యాస దేశమంతా తిరిగింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది! అచ్చులోనైతే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు మిట్టూరోడి కథలతో ఎప్పుడో ఆ భాషకి పీట వేశారు. వెండితెరకి ఆలస్యంగా తెలిసింది, అంతే. మా పిన్నమ్మ ‘పుష్ప’ చూసి ఏమందో చెప్పనా? "ఆ పిల్లోడు బాగనే మాట్లాడినాడు గానీ, రొంత జాస్తిగా మాట్లాడినాడు!"

ఇక డబ్బు సంగతి. కుర్రకారుకి ముందు కావలసింది అదే గనక దాచకుండా చెప్తాను. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే ఛానెల్‌కి కనీసం వెయ్యిమంది చందాదారులుండాలి. ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. ఆ మెట్టెక్కాక ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు తీసినవాడికి, తక్కినది కంపెనీకి. అదైనా వంద డాలర్లు పోగయితేనే బ్యాంకులో పడుతుంది. మావాడికి మొదటి వంద డాలర్లు పడడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలల్లో వాడు తీసినవి రెండు వందల పైచిలుకు చిత్రాలు. లెక్క వేసుకోండి. మా ఊరి కూలి అంతకంటే నయం.

అయినా తీస్తూనే ఉన్నాడు. కలుపు తీయడం, చెనక్కాయలు పెరకడం, కల్లంలో ఆరబెట్టడం, సంగటి కెలకడం, ఎద్దుకి లాడాలు కొట్టించడం. కనుమ నాడు చంద్రగిరి దగ్గర రంగంపేటకి పోయి పశువుల పండగ తీసుకొచ్చాడు. అక్కడ ఎద్దుల కొమ్ములకి కట్టే పలకల మీద దేవుళ్ళతోపాటు అభిమాన హీరోల బొమ్మలు కూడా ఉంటాయి. జనం ఎగబడి ఆ పలకలు లాక్కుంటారు. తమ హీరో బొమ్మ కోసం కొమ్ముల మధ్యకి చెయ్యి పెట్టే అభిమానిని చూడాలంటే రంగంపేటే పోవాలి!

అన్నట్టు, రైతుకీ తెరకీ చుట్టరికం కొత్తదేమీ కాదు. గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లోనే ‘రైతుబిడ్డ’ తీసి జమీందార్ల కోపానికి గురయ్యారు. 1955లో ‘రోజులు మారాయి’ వచ్చింది. 1976 సంక్రాంతికి కృష్ణగారి ‘పాడిపంటలు’. 2019లో ‘మహర్షి’ చూసొచ్చి పట్నం కుర్రాళ్ళు శని, ఆదివారాల్లో పొలం బాట పట్టారు. 2021లో ‘శ్రీకారం’, కంప్యూటరు ఉద్యోగం వదిలి సేద్యానికొచ్చిన కుర్రాడి కథ. మంచి సినిమాలే, కాదనను. కానీ ఒక్క విషయం గమనించారా? వీటన్నిట్లో నాగలి పట్టిన హీరోని మనం చూస్తాం. ఆ హీరో తలగుడ్డ మాత్రం ఇస్త్రీ చెక్కు చెదరదు. ఒక పాటలో విత్తనం, ఆ పాట అయ్యేలోగా పంట! మా చిన్నాయన ఎప్పుడూ అంటుంటాడు, "మాకూ అట్లాంటి పాట ఒకటి రాయించి పెట్టు నాయనా, నాలుగు నెలలు మిగుల్తాయి" అని.

సర్కారు వారు కూడా రైతుకి బొమ్మ చూపించారు. 1967లో ఢిల్లీ దూరదర్శన్‌లో ‘కృషి దర్శన్’. 1975-76లో అయితే ఏకంగా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ బొమ్మ పంపారు, మన రాష్ట్రం కూడా అందులో ఒకటి. 1995లో ఈటీవీ వచ్చాక తెల్లారేసరికి ‘అన్నదాత’. ఇప్పుడు యూట్యూబులో యడ్లపల్లి వెంకటేశ్వరరావు గారి ‘రైతునేస్తం’, రాజేందర్ రెడ్డి గారి ‘తెలుగు రైతుబడి’ లాంటివి లక్షలమంది చూస్తున్నారు. అవి నిజంగా పనికొచ్చే పాఠాలు. అయితే వాటిలో మైకు పట్టుకుని అడిగేవారు ఒకరు, జవాబు చెప్పే రైతు ఇంకొకరు. మావాడి లాంటివాళ్ళ చిత్రాల్లో అడిగేవాడే లేడు. రైతు తన పని తాను చేసుకుంటూ, తనకి తోచింది చెప్పుకుంటూ పోతాడు. ఒక్కోసారి ఏమీ చెప్పడు. గంపలో కాయలు పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. అదీ తేడా.

నాకు గిట్టనివి కూడా ఉన్నాయి. ‘ఎకరాకి పది లక్షలు’, ‘ఉద్యోగం మాని కోటీశ్వరుడైన రైతు’... ఈ రకం. బొమ్మ మీద ఎర్రటి బాణం గుర్తు, నోరు తెరిచి నించున్న మనిషి. మన సినిమా భాషలో చెప్పాలంటే ఇవి శతదినోత్సవం పోస్టర్లు. ఆడిన సినిమాలకే పోస్టరు వేస్తారు, ఆడనిదానికి ఎవరు వేస్తారు చెప్పండి? 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమోటా రెండు వందలకి దగ్గరగా పలికినప్పుడు చూడాలి ఆ సంబరం! టమోటా రైతుల కార్లు, బంగళాలు, నోట్ల కట్టలు, అన్నీ కెమెరాకెక్కాయి. ఆ వీడియోలు చూసి మా పక్క ఊళ్ళో ఒకాయన ఉన్న చెరుకు తీసేసి టమోటా నారు పోశాడు. ఆయన కాయ చేతికొచ్చేసరికి ధర పది రూపాయల లోపు. ఆయన గంపలు గట్టున పారబోస్తుంటే తియ్యడానికి ఏ కెమెరా రాలేదు.

పండించి గెలిచినవాణ్ణి చూపిస్తే వార్త. ఓడినవాణ్ణి చూపిస్తే? అక్కడే అసలు చిక్కు. ఓడినవాణ్ణి చూపించినా ప్రేక్షకుడికి చివర్లో ఎవరో ఒకరు వచ్చి కాపాడాలి. 2020 జూలైలో మన మదనపల్లె వైపే జరిగింది గుర్తుందా? ఎద్దులు లేక ఇద్దరు కూతుళ్ళు కాడి భుజాన వేసుకుని దున్నుతుంటే, వెనక తల్లి విత్తనాలు చల్లుతున్న చిన్న వీడియో దేశమంతా తిరిగింది. సోనూ సూద్ చూశాడు. ముందు ఎద్దులన్నాడు, తర్వాత ట్రాక్టరే పంపిస్తానన్నాడు. అన్న రోజు సాయంత్రానికల్లా ట్రాక్టరు ఇంటి ముందుంది! ‘అరుంధతి’లో పశుపతిగా పల్లెని వణికించిన మనిషి, నిజ జీవితంలో పల్లెకి హీరో అయ్యాడు. ఏ రచయితా రాయలేని మలుపు అది.

తర్వాత వాదోపవాదాలు నడిచాయి. ఆ కుటుంబం నిజంగా అంత పేదదేనా, సరదాకి తీసుకున్న వీడియోనా అని పత్రికల్లోనూ టీవీల్లోనూ ఎవరికి తోచినట్టు వాళ్ళు తీర్పులిచ్చారు. నాకు ఆ తీర్పుల జోలికి పోవాలని లేదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆ వారం మా ఊళ్ళో ముగ్గురు పెద్దమనుషులు విడివిడిగా మావాడి దగ్గరికొచ్చి, "మాదీ ఒగటి తియ్యబ్బా, ఆ సోనూకి చేరేట్లు" అని అడిగారు. వాళ్ళకి కావలసింది ఛానెల్ కాదు, క్లైమాక్సు.

ఛానెల్ నుంచి తెరకెక్కినవాళ్ళు లేకపోలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో పుట్టిన ‘మై విలేజ్ షో’లో నటించిన గంగవ్వ వ్యవసాయ కూలి. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించింది. మరుసటేడు బిగ్‌బాస్ ఇంటికి వెళ్ళింది. పొలం వీడియోలతో పేరు తెచ్చుకున్న పల్లవి ప్రశాంత్ ‘రైతుబిడ్డ’నంటూ అదే పోటీకి వెళ్ళి 2023 డిసెంబరులో గెలిచాడు. వాళ్ళకి జేజేలు. అయితే వాళ్ళని చూసి మా వైపు కుర్రాళ్ళు "రైతు వేషం బాగా ఆడతా ఉందన్నా" అంటుంటే మాత్రం గుండె కలుక్కుమంటుంది. వేషమేమిటి?

సరే, బోరు దగ్గరికొద్దాం.

2024 ఎండాకాలం. మామిడి తోటలో ఉన్న పాత బోరు ఎండిపోయింది. ఇంతకుముందు తవ్విన ఆరింటిలో రెండు మాత్రమే కొన్నాళ్ళు నీళ్ళిచ్చినవి. చెట్లు వాడిపోతున్నాయి. చిన్నాయన ఏడో బోరు వేయాలని పట్టుబట్టాడు. డబ్బెక్కడిదంటే, కూతురి పెళ్ళికని దాచింది కొంత, వడ్డీకి తెచ్చింది కొంత. మావాడు ముందే చెప్పాడు, మొదటి రాడ్డు దిగినప్పట్నుంచీ చివరిదాకా తీస్తానని. చిన్నాయన సరేనన్నాడు. నీళ్ళు పడతాయని ఆయనకంత నమ్మకం.

చిత్రం మొదట్లో ఒక పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరుగుతాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడతారు. దాన్ని నమ్ముతారా అని నన్నడక్కండి. మిషను పెట్టి చూసిన చదువుకున్నాయన కూడా దానికి పది గజాల దూరంలోనే గుర్తు పెట్టాడు. రెండు గుర్తుల మధ్య వాదన వేసుకుని చివరికి కొబ్బరికాయ వైపే మొగ్గారు.

సాయంత్రం బండి వచ్చింది. తమిళనాడులోని తిరుచెంగోడు బండి. మన దేశంలో బోరు బళ్ళకి ఆ ఊరు పుట్టినిల్లు. పసుపు, కుంకుమ, కర్పూరం, గుమ్మడికాయ. మన సినిమా ముహూర్తం షాటుకి ఏమీ తీసిపోదు. ఆ తర్వాత మోత మొదలయింది.

చూడ్డం తెలియనివాళ్ళకి ఒకటి చెప్పాలి. బోరులో చూడవలసింది రంధ్రాన్ని కాదు, దుమ్ముని. పొడి దుమ్ము తెల్లగా లేస్తోందంటే కింద ఉత్త రాయి. దుమ్ము రంగు మారి తడిగా ముద్దలు ముద్దలుగా పడితే ఆశ. అదే గాలితోపాటు నీళ్ళు ఎగజిమ్మితే అక్కడున్న ఆడవాళ్ళు ఆ నీళ్ళని చేతుల్తో పట్టి నెత్తిన చల్లుకుంటారు. ఒక ఇంచి నీళ్ళా, రెండించీలా అని మగవాళ్ళు పందేలు కాస్తారు.

మూడు వందల అడుగుల దగ్గర దుమ్ము తడిసింది. మా పిన్నమ్మ చేతులు జోడించింది. నాలుగు వందల దగ్గర మళ్ళీ ఎండిపోయింది. చిన్నాయన ఒక రాయి మీద కూర్చున్నాడు. లేవడు, మాట్లాడడు. మా చెల్లెలు దిగిన ప్రతి రాడ్డుకీ నేల మీద ఒక గీత గీస్తోంది. ఏడు వందలు. ఎనిమిది వందలు. బండి మేస్త్రీ వచ్చి, "ఇంగా ఓట్టలామా?" అని అడిగాడు, ఇంకా దించమంటారా అని. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. చిన్నాయన చెయ్యి ఊపాడు. అందరూ కలిసి లెక్క వేసుకోవలసిన ఆ క్షణంలో మనిషి చేసేది అదొక్కటే, చెయ్యి ఊపడం. తొమ్మిది వందలు. తెల్లారుజాము మూడింటికి వెయ్యి. మా పిన్నమ్మ జోడించిన చేతులు ఎప్పుడు దించిందో కెమెరాలో లేదు. 1,080 దగ్గర చిన్నాయన లేచి, "సాలు" అన్నాడు. మోత ఆగింది. తలల మీద, రెప్పల మీద, మామిడాకుల మీద తెల్లటి పిండి. ఆ నిశ్శబ్దం రెండు నిమిషాలుంటుంది వీడియోలో. మావాడు ఫోను ఆపడం మరిచిపోయాడట.

బండికి, పైపులకి కలిపి లక్షన్నర పైన.

మూడు రోజుల తర్వాత ఇంట్లో యుద్ధం. మావాడు ఆ 41 నిమిషాలూ ఛానెల్‌లో పెడతానన్నాడు. చిన్నాయన ససేమిరా అన్నాడు. "ఊరికొగటి తెలిసింది సాలదా? దేశానికంతా టముకు ఏస్తావా మన అప్పుని?" మాట న్యాయమే గదా. ఆ నెలలోనే చెల్లెలికి పీలేరు వైపు సంబంధం మాటల్లో ఉంది. పెళ్ళికని దాచిన డబ్బు ఏ రంధ్రంలో పోయిందో వియ్యాలవారికి వీడియో తీసి చూపించినట్టే ఉంటుంది మరి!

నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు సినిమాలు రాసేవోడివి గదా, పెట్టాల్నా వద్దా చెప్పు." నేనన్నాను, "ఇది బాగుందా లేదా అని అడిగితే చెప్పగలను. ఇంతవరకూ నువ్వు తీసినవాటిలో ఇదే గొప్పది. పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆ రాయి మీద కూర్చున్న మనిషి చెప్పాలి, నేను కాదు." ఇప్పటికీ నాది అదే మాట. సినిమాలో ఏడ్చేవాడికి పారితోషికం ఇస్తాం. ఇంటికెళ్ళి మేకప్ కడుక్కుంటాడు. చిన్నాయన మొహం మీద ఉన్నది మేకప్ కాదు, ఆ మొహం పెట్టుకునే మర్నాడు మళ్ళీ అప్పిచ్చినవాడి ముందు నించోవాలి.

వారం రోజులు ఎటూ తేలలేదు. చివరికి తీర్పు చెప్పింది మా పిన్నమ్మ. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ, మొగుడి వైపు చూడకుండానే అంది, "పెట్టనీ. మనం దాచి పెడితే వడ్డీ ఏమన్నా నిలిచిపోతాదా?" చిన్నాయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళాడు. కాదని మాత్రం అనలేదు.

పెట్టాడు. వాడి ఛానెల్ మొత్తంలో ఎవరూ చూడనంతగా చూశారు. ఫోన్లు మొదలయ్యాయి. పుంగనూరు నుంచి ఒకాయన, "మాది ఎనిమిదో బోరు నాయనా" అని చెప్పి పెట్టేశాడు. కువైట్‌లో పనిచేసే మా జిల్లా మనిషొకడు అర్ధరాత్రి చేసి, తన తండ్రి కూడా సరిగ్గా అలాగే రాయి మీద కూర్చునేవాడని అరగంట మాట్లాడాడు. ఇంకొకడు, "నీళ్ళు పడే సీను పెట్టకపోతే ఎవురు చూస్తారు?" అని తిట్టాడు. ట్రాక్టరు పంపే హీరో ఎవరూ రాలేదు. వర్షం రావడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది. తోటలో పదకొండు చెట్లు ఎండిపోయాయి.

పీలేరు సంబంధం వాళ్ళు? వీడియో చూశారట. ఆ తర్వాత కబురు లేదు. మధ్యవర్తి కనిపించినా తల తిప్పుకుపోయాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చెల్లెలే ఎత్తింది. బి.కాం. చదివిన పిల్ల. "లక్షన్నర రూపాయల బోరు చూసి పారిపోయినోళ్ళు, రేపు ఇంగో అప్పు చూస్తే నన్ను కూడా వొదిలేసి పోతారు. మేలే జరిగింది" అని అన్న చేతిలోంచి ఫోను లాక్కుంది. ఆమెకి ఏడుపు రాలేదా అంటే వచ్చే ఉంటుంది. మనకి చూపించలేదు, అంతే. ఆ మాత్రం హక్కు ఆమెకుంది.

అప్పట్నుంచీ ఆ ఛానెల్‌లో కొత్త అంశం ఒకటి మొదలయింది. పేరు ‘పద్దు’. కెమెరా ముందు చెల్లెలు, ఆమె ముందు ఎర్ర అట్ట నోటు పుస్తకం. పంట అయిపోయాక పైసలతో సహా చదువుతుంది. విత్తనం ఎంత, దుక్కి ఎంత, కూలి ఎంత, మందు ఎంత, చేతికొచ్చింది ఎంత. అలంకారం లేదు, సంగీతం లేదు. సినిమా నిర్మాతలెవరైనా తమ చిత్రం లెక్కలు ఇలా బయటపెట్టిన దాఖలా ఉంటే చెప్పండి, నేనే వెళ్ళి దండ వేసి వస్తాను!

2025 మామిడి పద్దు మీరు కూడా వినాలి. ఆ ఏడు తోతాపురి విరగకాసింది. మా జిల్లాలో తోతాపురి తినడానికంటే గుజ్జు ఫ్యాక్టరీలకే ఎక్కువ పోతుంది. ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు పేరుకుపోయి ఉంది. కాయని అడిగే నాథుడు లేడు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 అని నిర్ణయించారు. ట్రాక్టర్లు గేట్ల ముందు మైళ్ళ పొడవున బారులు తీరాయి. రోడ్డు పక్కన కుళ్ళుతున్న కాయల్ని ఆ నెలలో మీరు టీవీల్లో చూసే ఉంటారు. చెల్లెలు ఒక ట్రాక్టరు లెక్క చదివింది.

"నాలుగు టన్నులు. ఎనిమిది రూపాయల చొప్పున ముప్పై రెండు వేలు. కోత కూలి, ఎత్తుడు కూలి ఆరు వేలు. ట్రాక్టరు బాడుగ నాలుగు వేలు. గేటు కాడ రెండు రాత్రులు నిలిపినందుకు మూడు వేలు. మందుల అంగడి బాకీ పద్నాలుగు వేలు. మిగిలింది అయిదు వేలు. కిలోకి రూపాయి పావలా. గవుర్మెంటు నాలుగు రూపాయలు బ్యాంకులో పడినరోజు వేరే చదువుతా."

ఒకటిన్నర నిమిషం. అంతే. ఆ రెండు రాత్రులు ట్రాక్టరు కింద పడుకున్న చిన్నాయనని మావాడు తీశాడు గానీ దాన్ని వాడలేదు. ఎందుకంటే, "నాయిన నిద్రపోతా ఉండాడన్నా, అడగలేదు" అన్నాడు.

నోటు పుస్తకంలో ఒకచోట మాత్రం ఇంకా తగువు తెగలేదు. ఛానెల్ మీద వచ్చిన డబ్బుని చెల్లెలు ‘ఇతర ఆదాయం’ కింద రాస్తుంది. బోరు వీడియో మీద వచ్చింది పదకొండు వేల చిల్లర. దాన్ని బోరు ఖర్చులోంచి తీసెయ్యాలని మావాడు, అది వేరు ఇది వేరని చెల్లెలు. చిన్నాయన కల్పించుకుని, "అప్పిచ్చినోడు అట్లా తీసేసుకోనిస్తాడేమో కనుక్కోండి ముందు" అన్నాడు. ఆ ముక్క కూడా వీడియోలో ఉంది. ఈసారి ఆయనే ఉంచమన్నాడట.

ఈ ఏటి చెనక్కాయ పద్దు ఇంకా రాలేదు. కాయలు కల్లంలో ఆరుతున్నాయి, గింజ బరువు చూసి చదువుతానంది.